ముందు ఏముందో అడగండి

(సంఘం యువజన సమ్మేళనంలో ఒక వసతిగృహ వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)

 

విద్యలో యువత పాత్ర గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. పొద్దుటి నుంచి ఆ మాట చాలామంది చెప్పారు కాబట్టి నేను ఒక్క విషయమే మాట్లాడతాను. ఈ మధ్య మన గూడేలకు ట్యాబులు, ఫారాలు పట్టుకుని వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. కొందరు యూనివర్సిటీల నుంచి వస్తారు, కొందరు కంపెనీల నుంచి, కొందరు సంస్థల నుంచి. ఇదివరకు వచ్చినవాళ్లు "మీ కోసం తయారు చేశాం, తీసుకోండి" అనేవారు. ఇప్పుడు వచ్చేవాళ్లు "మీతో కలిసి తయారు చేస్తాం" అంటున్నారు. దీన్ని పార్టిసిపేటరీ డిజైన్ అంటారు. వాడబోయేవాళ్లే కూర్చుని రూపం ఇవ్వడం అన్నమాట. మంచి మాటే. అయితే వాళ్లకు మన భాష రాదు. అందుకని డిగ్రీ చదివి, గోండి, కొలామి, తెలుగు మూడూ వచ్చిన మిమ్మల్ని రోజు కూలికి పెట్టుకుంటారు. గడప ముందు నిలబడి ఫారంలోని ప్రశ్న చదివేది మీరే, జవాబు రాసేదీ మీరే. అందుకే ఈ మాట మీకు చెప్పాలనుకున్నాను.

మా హాస్టల్లో జరిగింది చెబుతాను. ఇందులో నా తప్పు కూడా ఉంది.

కొన్నేళ్ల క్రితం నగరం నుంచి ఒక బృందం వచ్చింది. మన పిల్లలు తెలుగు చదవడంలో ఎందుకు వెనకపడుతున్నారో తెలుసుకుని, పిల్లలతో కలిసి ఒక యాప్ తయారు చేస్తామన్నారు. మర్యాద తెలిసిన పిల్లలే, చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చారు. ముందుగా నాలుగు పేజీల ఫారం ఇచ్చారు. ఇంట్లో చదువుకున్నవాళ్లు ఉన్నారా? పుస్తకాలు ఉన్నాయా? టీవీ ఉందా? చదువుకోవడానికి వేరే గది ఉందా? మరుగుదొడ్డి ఉందా? మా ఏడో తరగతి అమ్మాయి ఒకతి, కొలాం పిల్ల, పై నుంచి కింది దాకా "లేదు, లేదు" అని రాసుకుంటూ పోయింది. చివర ఒక ప్రశ్న ఉంది: మీ తల్లిదండ్రులకు ఏమేం వచ్చు? దానికి ఆ పిల్ల రాసిన జవాబు, "ఏమీ రాదు."

ఆ కాగితం నా టేబుల్ మీదికి వచ్చినప్పుడు నేను చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఎందుకంటే ఆ పిల్ల తల్లి నాకు తెలుసు. వెదురు పని చేస్తుంది. ఏ బొంగు ముదిరిందో, ఏది లేతదో చేత్తో తట్టి చెబుతుంది. వెన్నెల రోజుల్లో కొడితే పురుగు పడుతుందని అమావాస్య దగ్గర పడేదాకా ఆగుతుంది. బద్దను పాయలు పాయలుగా చీల్చి, టేపు లేకుండా, ఒకే కొలతలో పది గంపలు అల్లుతుంది. బి.ఎడ్.లో మాకు కొలతల పాఠం చెప్పడానికి నెల పట్టింది. ఆమె రోజూ చేసే పని అదే. ఆ పిల్ల సంగతి చూద్దామా? ఇంట్లో కొలామి, పక్క గూడెం వాళ్లతో గోండి, అంగట్లో మరాఠీ, బడిలో తెలుగు. నాలుగు భాషల్లో బతుకుతున్న పిల్లను ఆ ఫారం "భాషా సామర్థ్యం తక్కువ" అనే గడిలో పెట్టింది.

ఆ పిల్ల అబద్ధం రాయలేదు. మూడు పేజీలు "లేదు" అని రాశాక నాలుగో పేజీలో ఎవరి చేయి అయినా అదే రాస్తుంది. మన పిల్లలకు మనమే ఆ రాత నేర్పిస్తున్నామని నాకు ఆ రోజు అనిపించింది.

రెండోసారి వచ్చినప్పుడు నేను వాళ్లను ఆపి ఈ సంగతి చెప్పాను. నిజం చెప్పాలంటే కోపంగానే చెప్పాను. వాళ్లలో పెద్దామె ఎదురు మాట్లాడలేదు. "అయితే ఎలా మొదలుపెడదాం మేడం?" అని అడిగింది. ఆ ఒక్క మాటతో పని మారిపోయింది. ఫారాలు పక్కన పెట్టాం. సాయంత్రం వరండాలో పిల్లలందరినీ కూర్చోబెట్టి, చాక్‌పీసుతో నేల మీద హాస్టల్ బొమ్మ గీయమన్నాం. ఒక్కొక్కరికి గుప్పెడు చింతగింజలు ఇచ్చాం. రాత్రి భయమేస్తే ఎవరి దగ్గరికి వెళ్తావు? లెక్క అర్థం కాకపోతే ఎవరిని అడుగుతావు? తెలుగు మాట తెలియకపోతే ఎవరు చెబుతారు? ఎవరి పేరు చెబితే వాళ్ల మంచం గీసిన చోట ఒక గింజ పెట్టాలి. ఇది నేను కనిపెట్టింది కాదు. నేల మీద ఊరి పటం గీయించడం, గింజలతో లెక్క వేయించడం మన దేశంలో 1980ల చివరి నుంచి పల్లెల్లో చేస్తున్న పద్ధతే. రాబర్ట్ చాంబర్స్ అనే ఆయన పుస్తకాల వల్ల ప్రపంచమంతా తెలిసింది.

గింజలు నా గది దగ్గర పడతాయని నేను లోలోపల అనుకున్నాను. పడలేదు, రెండో మూడో పడ్డాయి. మొదటి ర్యాంకు అమ్మాయి దగ్గరా పడలేదు. కుప్పగా పడింది ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి మంచం దగ్గర. ఆ పిల్లకు మార్కులు రావు. రిజిస్టర్‌లో ఆమె పేరు పక్కన నేనే ఎర్ర సిరాతో గుర్తు పెట్టాను. స్టడీ అవర్‌లో మాట్లాడుతోందని ఎన్నోసార్లు నిలబెట్టాను కూడా. ఆమె ఏం మాట్లాడుతోందో మాత్రం ఏ రోజూ వినలేదు. మూడో తరగతి పిల్లలకు పాఠంలో తెలియని మాట వస్తే ఆమె కొలామిలో, గోండిలో చెబుతోంది. "నీళ్లు అంటే మీ ఈర్, వాళ్ల ఏర్, చూడు రెండూ దగ్గరగానే లేవూ" అని పిల్లలకు చెప్పిందట. భాషల మధ్య చుట్టరికాన్ని అలా చూడడం నాకు ట్రైనింగ్‌లో కూడా ఎవరూ నేర్పలేదు.

ఆ తర్వాత యాప్ ఆలోచన పూర్తిగా మారింది. ముందు వాళ్లు అనుకున్నది పిల్లకొక ట్యాబు, చెవిలో ఇయర్‌ఫోన్. మేం అట్టపెట్టెలు కత్తిరించి ట్యాబు నమూనాలు చేసి పిల్లల చేతికి ఇచ్చాం. వాళ్లు నలుగురు ఒక అట్టముక్క చుట్టూ చేరారు. ఇయర్‌ఫోన్ బొమ్మ పీకేశారు. "ఒక్కదాన్నే వింటే ఎవరికి చెప్పాలి?" అని ఒక పిల్ల అడిగింది. సరేనని నలుగురికి ఒక ట్యాబు అనుకున్నాం. మాట మీద వేలు పెడితే గోండిలో, కొలామిలో ఆ మాట వినిపించాలి, ఆ గొంతు ఆ పెద్దపిల్లలదే కావాలి. బొమ్మల్లో ఇళ్లకు పొగగొట్టాలు పెట్టారు చూడండి, వాటిని కూడా కొట్టేసి తడకల గోడలు గీశారు.

ఇంతవరకు బాగానే నడిచింది. నా తప్పు ఇక్కడే జరిగింది. ఇంటి నుంచి కథలు రికార్డు చేసి తెమ్మని సెలవుల్లో పిల్లలకు చెప్పాను. ఒక అమ్మాయి ఫోన్‌లో చాలా బాగున్న కథ తెచ్చింది, వెనక కీక్రి కూడా మోగుతోంది. అందరం మెచ్చుకుని పెట్టేశాం. పది రోజులకు ఆ పిల్ల తాత బస్సు దిగి హాస్టల్‌కు వచ్చాడు. గట్టిగా అరవలేదు. "బాయీ, అది ప్రధాన్ చెప్పే కథ. దేవుని పని ఉన్న రోజు చెబుతాడు, దానికి ముందు చేసేవి ఉంటాయి. అన్నం తింటూ, పడుకుని వినేది కాదు" అన్నాడు. నేను ఆదివాసి ఆడదాన్నే. నాకు తెలియాలి. తెలిసీ ఆలోచించలేదు, ఎందుకంటే "మన సంపద చూపించాలి" అనే ఉత్సాహంలో ఉన్నాను. ఆ రికార్డింగు అన్ని ట్యాబుల్లోంచి, నగరంలో ఉన్న కంప్యూటర్‌లోంచి తీసేయించడానికి మూడు వారాలు పట్టింది. తీసేశామని రాసిన కాగితం తీసుకుని నేనే వాళ్ల గూడేనికి వెళ్లి తాతకు చదివి వినిపించాను.

ఆ తర్వాత పిల్లలే ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఏ కథ, ఏ పాట, ఏ మందు సంగతి వచ్చినా మూడు కుప్పలు: ఎవరైనా వినొచ్చు అనేవి ఒకటి, మన ఊళ్లోనే ఉండాలి అనేవి ఒకటి, పెద్దవాళ్లను అడిగితే తప్ప ముట్టకూడనివి ఒకటి. పొడుపుకథలు, పంట పనుల మాటలు, వంటలు మొదటి కుప్పలో పడ్డాయి. ఎక్కడ వేయాలో తెలియకపోతే మూడో కుప్పలోనే వేయాలి.

ఇప్పుడు ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో కాస్త చెబుతాను, మీలో చదువుకునేవాళ్లు ఎక్కువ కాబట్టి. పార్టిసిపేటరీ డిజైన్ పుట్టింది అడవుల్లో కాదు, కార్ఖానాల్లో. 1970లలో నార్వేలో ఇనుము, లోహ కార్మికుల యూనియన్ వాళ్లు, కంప్యూటర్లు తమ పని మీదికి వస్తున్నాయని చూసి, క్రిస్టెన్ నైగార్డ్ అనే శాస్త్రవేత్తతో కలిసి పని చేశారు. 1981లో స్వీడన్‌లో మొదలైన యుటోపియా అనే ప్రాజెక్టులో అచ్చు పనివాళ్లు అట్టలతో, చెక్కలతో నమూనా యంత్రాలు చేసి చూసుకున్నారు. మా వరండాలో అట్టపెట్టెలు ఆ చుట్టరికమే. అక్కడ కార్మికులు "మాకు కంప్యూటర్ రాదు" అని మొదలుపెట్టలేదు. "ఈ పని మాకు వచ్చు, యంత్రం దీన్ని చెడగొట్టకూడదు" అని మొదలుపెట్టారు. వాళ్ల వెనక యూనియన్ ఉంది. మన వెనక ఏముందో మనం చూసుకోవాలి.

1993లో అమెరికాలో క్రెట్జ్‌మన్, మెక్‌నైట్ అనే ఇద్దరు ఒక పుస్తకం రాశారు. పేదల బస్తీకి వెళ్లి లోపాల పటం గీస్తే అక్కడి మనుషులు తమను తాము కూడా లోపాలుగానే చూసుకుంటారు, బలాల పటం గీయండి అన్నారు. 2009లో ఈవ్ టక్ అనే ఆదివాసి అధ్యాపకురాలు, ఆమె అలాస్కా దీవుల జాతికి చెందినామె, ఇంకా ఘాటుగా రాసింది. మా గాయాల లెక్కలే తీసే పరిశోధనలు కొంతకాలం ఆపండి అని సమాజాలకే ఉత్తరం రాసింది. ఆ ఉత్తరం గురించి చదివినప్పుడు నాకు ఆ కొలాం పిల్ల ఫారం గుర్తొచ్చింది.

మన దగ్గర ఉదాహరణలు లేవా? గుంజాల చూడండి. నార్నూరు మండలంలో చిన్న ఊరు. గోండి లిపిలో రాసిన పాత పుస్తకాలను అక్కడి పెద్దలు ఇళ్లల్లో కాపాడుకుంటూ వచ్చారు. చదవగలిగిన ముసలివాళ్లు కొద్దిమందే మిగిలారు. జయధీర్ తిరుమలరావు గారి లాంటి పరిశోధకులు వచ్చినప్పుడు ఆ పెద్దలే గురువులయ్యారు. 2018లో ఆ లిపి గుంజాల గోండి అనే పేరుతో యూనికోడ్‌లో చేరింది. ఈ రోజు ప్రపంచంలో ఏ కంప్యూటర్ అయినా ఆ అక్షరానికి ఒక స్థానం ఇస్తోందంటే, ఎవరో మన దగ్గర లేనిది తెచ్చి ఇచ్చినందువల్ల కాదు, ఉన్నదాన్ని గుర్తించినందువల్ల.

ఛత్తీస్‌గఢ్‌లో 2010లో మొదలైన సీజీనెట్ స్వర కూడా అంతే. చదువు రానివాళ్లకు వార్తలు ఎలా అని వాళ్లు కుంగిపోలేదు. మనవాళ్లు మాటతో బతికేవాళ్లు, ఫోన్ చేతిలో ఉంది కదా అని, ఫోన్ చేసి సొంత భాషలో చెప్పే, వినే ఏర్పాటు చేశారు. రేషన్ అందలేదని, బోరు చెడిందని ఊరి మనిషే చెబుతాడు.

ఇంకా దూరం ఎందుకు, కేస్లాపూర్ తెలియనివాళ్లు ఈ హాలులో లేరు. పుష్య అమావాస్యకు నాగోబా పూజ జరగాలంటే మెస్రం వాళ్లు కాలినడకన గోదావరి దాకా వెళ్లి జలం తేవాలి. ఎవరు నడవాలి, ఎక్కడ రాత్రి ఆగాలి, ఎవరి పొయ్యి ఎక్కడ, కొత్త కోడళ్ల భేటింగ్ ఎప్పుడు, ఇదంతా ఏ కంప్యూటర్‌లో రాసి ఉంది? కొన్నేళ్ల క్రితం ఆ గుడిని తమ చందాలతో రాతితో కట్టుకున్నారు. ఎవరైనా వచ్చి మన సమాజానికి "ప్రణాళిక నైపుణ్యం లేదు" అని ఫారంలో రాయబోతే, అక్కడ పెన్ను ఆపండి.

ఇదంతా విని మీరు ఇంటికి వెళ్లి "మనకు అన్నీ ఉన్నాయి" అంటారేమోనని నాకు ఒక భయం. ఒక సమావేశంలో ఒకాయన, మా పిల్లలు వేసవిలో దూరం నుంచి బిందెలతో నీళ్లు మోసుకొస్తారని విని, "చూశారా, ఎంత గట్టి పిల్లలో, ఎంత సహనమో" అని మెచ్చుకున్నాడు. చప్పట్లు కూడా కొట్టారు. నేను లేచి బోరు దరఖాస్తు ఎక్కడ ఆగిందో అడిగాను. జవాబు రాలేదు. మన బలాన్ని పొగిడి మనకు రావాల్సింది ఎగ్గొట్టడం కొత్త పద్ధతి, జాగ్రత్తగా ఉండండి. కొలామి వచ్చిన టీచరు పోస్టు ఇవ్వాల్సిన చోట "పెద్దపిల్లలు చెప్పుకుంటున్నారుగా" అంటే నేను ఒప్పుకోను. ఆ ఎనిమిదో తరగతి పిల్లకు కూడా చదువుకునే సమయం కావాలి.

ఇంకో సంగతి, బలం ఊళ్లో అందరి దగ్గరా ఒకేలా ఉండదు, ఒకేలా వినపడదు. పంచాయతీ ముందు కూర్చుంటే పటేల్ మాట్లాడతాడు, ప్రధాన్, తోటి ఇళ్లవాళ్లు వెనక ఉంటారు, ఆడవాళ్లు ఇంకా వెనక. బృందం వాళ్లు అరగంటలో "కమ్యూనిటీ అభిప్రాయం" రాసుకుని పోతారు. గింజలు పంచితే చివర కూర్చున్న అవ్వ చేతిలో కూడా గుప్పెడు పడతాయి. పెద్దలు ఇక్కడే ఉన్నారు, నా మాట తప్పైతే మన్నించాలి.

ఇక తీసుకున్నది ఎవరిది అవుతుంది అనే ప్రశ్న. 1987లో కేరళ అగస్త్య కొండల్లో తిరువనంతపురం శాస్త్రవేత్తలు కాణి ఆదివాసులను దారి చూపడానికి వెంట తీసుకెళ్లారు. కాణివాళ్లు ఏవో కాయలు తింటూ అలసట లేకుండా నడుస్తున్నారు. అడిగితే ముందు చెప్పలేదు, తర్వాత ఆ మొక్క చూపించారు. అదే ఆరోగ్యపచ్చ. దానితో జీవని అనే మందు వచ్చింది. 1995లో ఒక కంపెనీకి పది లక్షల రూపాయలకు హక్కు ఇచ్చి, ఆ డబ్బులో, రాయల్టీలో సగం కాణివాళ్లకు అన్నారు. 1997లో వాళ్ల పేరున ట్రస్టు పెట్టారు. దేశంలో అలాంటిది చాలా ముందుగా జరిగిన పని, గౌరవించాల్సిందే. అయినా వేరే ప్రాంతాల కాణి పెద్దలు "మమ్మల్ని అడగలేదు, అది అమ్మేది కాదు" అన్నారు. ఎవరిని అడిగితే అందరినీ అడిగినట్టు అన్నది ముందే తేల్చుకోకపోతే డబ్బు వచ్చాక తేలదు.

దక్షిణాఫ్రికాలో శాన్ ప్రజలు 2017లో తమ దగ్గరికి వచ్చే పరిశోధకులకు తామే నియమావళి రాసుకున్నారు. మన సంఘం కూడా అలాంటి ఒక పేజీ రాయాలని నా విన్నపం. ఒక్క పేజీ చాలు. గ్రామసభలో ముందు చెప్పాలి. మొదటి రోజు "ఏం లేదు" అనే ప్రశ్నలు వేయకూడదు, ముందు ఏముందో, ఎవరికి ఏం వచ్చో అడగాలి. రికార్డు చేసినదాన్ని తీసేయమంటే తీసేయాలి. తయారైన వస్తువు, రాసిన రిపోర్టు మన భాషలో మనకు వినిపించాలి. పని చేసిన పిల్లల పేర్లు, వాళ్లు ఒప్పుకుంటే, అందులో ఉండాలి.

మా యాప్ ఏమైందని అడుగుతారు. ప్రాజెక్టు గడువు అయిపోయింది, బృందం వెళ్లిపోయింది. ట్యాబుల్లో రెండింటికి బ్యాటరీ పోయింది, మిగతావి అప్పుడప్పుడు పనిచేస్తాయి. గోడ మీద పిల్లలు రాసిన మూడు భాషల మాటల పట్టిక ఉంది, ఏటా పెరుగుతోంది. స్టడీ అవర్‌లో మాట చెప్పే పిల్లలకు ఇప్పుడు వంతులు వేశాం, అరగంటకు ఒకరు మారతారు. ఆ ఎనిమిదో తరగతి అమ్మాయి పది పాసైంది, మొదటిసారి లెక్కలు పోయాయి, సప్లిమెంటరీలో కట్టింది. డి.ఎడ్. చదవాలని ఉంది అంటోంది. ఏడో తరగతి పిల్ల ఆ ఫారం ఇంకా నా బీరువాలో ఉంది. ఆ పిల్లకు చూపించాలా వద్దా అని ఇంకా తేల్చుకోలేదు.

వచ్చే నెల ఇంకో బృందం వస్తామని ఉత్తరం రాసింది, ఈసారి ఆడపిల్లల ఆరోగ్యం మీద. మా పిల్లలు వాళ్లను అడగాల్సిన ప్రశ్నలు ముందే రాసి పెట్టుకున్నారు, పదకొండు అయ్యాయి. మీలో గోండి, కొలామి బాగా వచ్చిన అమ్మాయిలు ఇద్దరు ముగ్గురు ఆ రోజు నాకు తోడు కావాలి. మధ్యాహ్నం భోజనాల దగ్గర నా నంబరు తీసుకోండి. సాయంత్రం ఐదు దాటాక రండి, అంతవరకు పిల్లలకు బడి ఉంటుంది. జై సేవా.